ముక్కు లారీ వెనుక ఇరుసు

కోవిల్పట్టి, సోమవారం

నా బంగారు తల్లి ప్రియకు, సంతోషం పట్టలేక నాయన దామోదరసామి రాసేది.

మన ముక్కు లారీ నడిచింది! నువ్వు చిన్నపిల్లగా ఉన్నప్పటి నుంచి అగ్గిపెట్టెల ఫ్యాక్టరీ వెనుక ముక్కులాంటి బానెట్టుతో తుప్పు పట్టి పడున్న ఆ తల్లే! ఫిట్టరు సుడలై, నేను కలిసి కమాను పట్టీలు, బుష్షులు, పట్టీలను ఇరుసుకు బిగించే యూ బోల్టులు అన్నీ కొత్తవి వేశాం. కళుగుమలై రోడ్డులో పోతుంటే నాకు కళ్ళల్లో నీళ్ళు ఆగలేదు. స్టీరింగు పట్టుకున్నవాడు ఏడవకూడదని సుడలై తిట్టాడు.

ఆదివారం కళుగుమలై గుడిలో నీ పెళ్ళికి మన చుట్టాలు ముప్పై మందీ ఈ లారీలోనే వస్తారు. అందరికీ మాట ఇచ్చేశాను.

నిన్ను తలచుకుంటే కడుపు నిండిపోయే
నీ నాయన

తా.క. లారీ కొంచెం ఎండ్రకాయలా పోతోంది. ముందు చక్రాలు కళుగుమలై వైపు పోతుంటే వెనుక చక్రాలు పొలం వైపు చూస్తున్నాయి. నువ్వు కంగారు పడవద్దు. ఊరు చేరేసరికి అన్నీ వచ్చేస్తున్నాయి.

*

విరుదునగర్, మంగళవారం

నాయనకు ప్రియ నమస్కారాలు.

రాత్రి ఫోనులో నీ సంతోషం తప్ప నాకేమీ వినపడలేదు. అందుకే రాస్తున్నాను. నువ్వూ రాసి, బస్సు కండక్టరు చేతికివ్వు. కాగితం మీద కొలత మారదు.

వర్కుషాపులో రోజూ లారీల అలైన్‌మెంటు చూసేదాన్ని, చెబుతున్నాను విను. వెనుక ఇరుసు వంకరగా కూర్చుంది. ఖాళీ లారీని చదునైన చోట తిన్నగా నిలిపి, ముందు చక్రం నడిమి నుంచి వెనుక చక్రం నడిమి దాకా రెండు పక్కలా కొలువు. రెండూ ఒకటిగా లేకపోతే ఎవరినీ ఎక్కించవద్దు.

ఇట్లు,
ప్రియ

తా.క. టేపుతో కొలువు. బొమ్మక్క అత్త జానతో వద్దు.

*

కోవిల్పట్టి, మంగళవారం సాయంత్రం

ఇంజనీరమ్మకు నాయన దీవెనలు.

కొలిచాను తల్లీ, టేపుతోనే! కుడి పక్క రెండు వేళ్ళు తక్కువ. నువ్వు చూడకుండానే చెప్పావు! వీధిలో అందరికీ చెప్పి వచ్చాను. దానికి మందు కూడా కనిపెట్టాను. లావుపాటి చుట్టాలను ఎడమ పక్కన కూర్చోబెడితే సరి.

గర్వంతో చొక్కా బిగుసుకుపోయిన
నాయన

తా.క. ఉత్తరం మడిచే ముందు డీజిలు పోయించుకుని వచ్చి మళ్ళీ కొలిచాను. ఇప్పుడు రెండు పక్కలా ఒకటే! దానంతట అదే బాగైపోయింది.

*

విరుదునగర్, బుధవారం

నాయనకు ప్రియ రాసేది.

ఇనుము దానంతట అది బాగుపడదు. ముందు రెండు వేళ్ళు తేడా, డీజిలు పోయించుకుని వచ్చేసరికి తేడా లేదు! ఈ రెండింటిలో ఒకటి నువ్వు నా సంతోషం కోసం రాసిందే. నేను అడిగింది కొలత, ఆశీర్వాదం కాదు. ముప్పై మంది ప్రాణాలు నాయనా! వ్యాను మాట్లాడు. లేదంటే చుట్టాలందరికీ నేనే ఫోను చేసి లారీ ఎక్కవద్దని చెబుతాను.

కోపంగానే,
ప్రియ

తా.క. ఇకమీద సుడలై మామ కొలిచి సంతకం పెట్టాలి.

*

కోవిల్పట్టి, బుధవారం

మహేశ్వరిప్రియ గారికి దామోదరసామి వ్రాయునది.

నా కొలత అబద్ధమన్నారు కనుక సుడలై కొలిచాడు. ఇప్పుడు ఎడమ పక్క బొటనవేలంత తక్కువ. సంతకం కింద ఉంది. పక్కనున్న గ్రీజు మరక కూడా అతనిదే. ఇది కూడా అబద్ధమేనా అమ్మా?

బొమ్మక్క నన్ను చూసి, "కూతురే నమ్మలేదంటే ఊరెట్ల నమ్ముతాదిరా సామీ?" అంది. అన్నం సగంలో వదిలి లేచాను. అందుకని రేపు పొద్దున ముప్పై మందినీ ఎక్కించి కళుగుమలై దాకా పోయి వస్తాను. ఆ తర్వాత మీరు ఎవరికి కావాలంటే వారికి ఫోను చేసుకోండి.

ఇట్లు,
మిమ్మల్ని కన్నవాడు

తా.క. మాట్లాడకూడదనుకున్నాను కానీ ఒక్క మాట. బ్రేకు గట్టిగా వేస్తే కింద 'టక్' మంటోంది. లారీ కూడా నా పక్షమే మాట్లాడుతోంది.

*

విరుదునగర్, గురువారం పొద్దున

నాయనా,

లారీ కదపవద్దు! ఎక్కినవాళ్ళను దించెయ్యి! నీ ఫోను మోగి మోగి ఆగిపోతోంది. మొదటి బస్సులోనే ఇది పంపుతున్నాను.

నీ కొలతలు మూడూ నిజమే. తప్పు నాది. నేను టేపును అనుమానించాను గానీ ఇరుసును అనుమానించలేదు. బ్రేకు వేసినప్పుడల్లా అది పట్టీల కింద జారుతోంది. ఆ 'టక్' అదే. పట్టీల కట్ట కింద సెంటర్ బోల్టు తల ఉంటుంది. అది ఇరుసు మీది గుంటలో దిగితేనే ఇరుసు కదలకుండా నిలుస్తుంది. నీ లారీలో అది దిగలేదు. రెండు పక్కలా యూ బోల్టులు విప్పి, ఆ గుంటల్లో ఏముందో చూడండి.

నీ కూతురు
ప్రియ

తా.క. కోపముంటే పెళ్ళయ్యాక తిట్టు. ఇప్పుడు దించు.

*

కోవిల్పట్టి, శుక్రవారం

నా బంగారానికి, మళ్ళీ బంగారానికే, నాయన రాసేది.

నీ ఉత్తరం వచ్చేసరికి అందరూ ఎక్కేశారు. వాళ్ళ గోలలో ఫోను వినపడలేదు. తాళం నా చేతిలో తిరుగుతుండగా కండక్టరు పరుగెత్తుకొచ్చాడు. "ఎవరూ ఊపిరి కూడా గట్టిగా పీల్చవద్దు, దిగండి" అన్నాను.

సుడలై కుడి పక్క విప్పాడు. గుంటలో ఒక కాసు. అది నేను పెట్టిందే. ఇంటికి వాకిలి నిలిపేటప్పుడు గడప కింద కాసు వేస్తాం కదా. నువ్వు పెళ్ళికూతురివవుతున్నావు, లారీ మళ్ళీ పుడుతోంది. ఆ గుంట చూస్తే కాసు కోసమే చేసినట్టుంది. పెట్టి, పైన గ్రీజు పూశాను.

"అన్నా, అది బోల్టు తల కూకోను పెట్టిన గుంతన్నా! కాసులు వేసే గుడి ఉండియలనుకొంటివా?" అని అరిచాడు సుడలై.

తర్వాత ఎడమ పక్క విప్పాడు. అక్కడా ఒక కాసు, పసుపు గుడ్డలో చుట్టి! నేను సుడలైని చూశాను, వాడు నన్ను చూశాడు. బొమ్మక్క మేఘాలను చూస్తోంది.

"ఏమక్కా ఇది?"

"ఒక పక్కకే వేస్తే రెండో పక్క ఏడవదారా? మీరు టీకి పోయినప్పుడు పెడితి."

రెండూ తీశాం. బోల్టు తలలు గుంటల్లో దిగాయి. కొలిచి, బ్రేకులు వేసి, మళ్ళీ కొలిచాం. వెంట్రుకంత తేడా లేదు. ముక్కు లారీ ఇప్పుడు దారం లాగినట్టు పోతోంది తల్లీ!

కానీ ఒక సంగతి. ఎండ్రకాయలా పోయినప్పుడు ముప్పై మందీ ఎగబడి ఎక్కారు. తిన్నగా పోయేసరికి ఒక్కరూ ఎక్కనంటున్నారు. కాసులు తీసేసిన బండి, అశుభమట. అందరికీ వ్యాను మాట్లాడేశాను. నువ్వు చెప్పినట్టే అయింది.

రేపు పొద్దున నేను ఒంటరిగా విరుదునగర్ వస్తున్నాను. నువ్వుండే హాస్టలు వాకిట్లో నిలబడు. ఈ లారీని నమ్మి ఎక్కేదానివి నువ్వొక్కతివే ఉన్నావు.

నీ నాయన

తా.క. కాసులు బొమ్మక్క కొంగులో భద్రంగా ఉన్నాయి. గేరు పెట్టెలో ఖాళీ ఏమైనా ఉంటుందా అని సుడలైని అడుగుతోంది. అందుకే వాణ్ని రాత్రి లారీలోనే పడుకోమన్నాను.