మినిట్స్‌లో లేని మీ మాట

ఏమండీ,

మీరు పోయి ఇవాళ్టికి ఏడాది. మీ తర్వాత మన సైన్స్ సొసైటీకి నన్నే సెక్రటరీని చేశారు. సాయంత్రం కౌన్సిల్ మీటింగ్‌కి వెళ్లొచ్చాను.

మిషిగన్ మంచు బరువుకి లెక్చర్ హాల్ పైకప్పు బీటలిచ్చిందనీ, బాగుచేసేదాకా అక్కడ ఎవరినీ కూర్చోబెట్టొద్దనీ మీరు చివరి మీటింగ్‌లో గట్టిగా చెప్పారు. ఆ మీటింగ్‌లో ఎవరేమన్నారో రాసుకున్న మినిట్స్‌ను ప్రెసిడెంట్ ఇప్పుడు కొత్తగా టైప్ చేయించి తెచ్చాడు. అందులో మీ మాట లేదు. అదే చెప్పాను. ఆయన నవ్వి, పెన్ను నా ముందుకు జరిపాడు.

పక్కనే ఉన్న మూర్తిగారు మెల్లగా, "సైన్ చేసెయ్యండి వదినా. ఆదివారం ఆ హాల్లోనే పిల్లలకి లెక్చర్ అని అనౌన్స్ చేసేశాం. ఇప్పుడు కాన్సిల్ చేస్తే సొసైటీ పరువేం కాను?" అన్నారు.

నేను చేయలేదు. ఆ మినిట్స్‌నే ఖాయం చేద్దామని ఓటింగ్ పెట్టారు. నేను తప్ప అందరూ చేతులెత్తారు, మూర్తిగారితో సహా.

వస్తూ వస్తూ హాల్లోకి తొంగిచూశాను. జానిటర్ ముందు వరుస కుర్చీల మీద రాలిన సున్నం తుడుస్తున్నాడు. "రోజూ ఇంతే మేడమ్. ఈ వారం మరీ ఎక్కువైంది," అన్నాడు.

ఇంటికి రాగానే పిల్లల పేర్ల లిస్టు ముందేసుకుని తల్లిదండ్రులకు ఫోన్లు చేస్తున్నాను. ఇప్పటికి పదకొండు ఇళ్లకు చేశాను. నలుగురే నమ్మారు.