కొసరు వేస్తే కూసే తక్కెడ

కోచబాంబా, పెద్ద బజారు

కంప్యూటర్ల ఆఫీసు వాల్దో తెర్రాసాస్‌కి, బంగాళాదుంపలమ్మే ఫోర్తునాతా చోకె చెప్పి రాయించేది.

నాకు అక్షరం రాదు. నేను తిడుతుంటే టైపు కొట్టే దోన్ ఎరాస్మో ఆ తిట్లని ఉత్తరంగా మారుస్తున్నాడు. చిన్న వ్యాపారుల కష్టాలు వెతుకుతున్నానని వచ్చావు. కూర్చోబెట్టి వేరుశనగ సూప్ పోశాను. తాగి వెళ్లి, నా కష్టం 'తూకం తెలియకపోవడం' అని రాసిపంపావు. ఎరాస్మో అది చదివితే మా వరసంతా నవ్వింది. తూచాక పైన దోసెడు వేసేది పొరపాటు కాదు నాయనా, కొసరు. ఆ దోసెడు కోసమే పాత బేరాలు నా దగ్గరికొస్తాయి. లేకపోతే ఎదుటి కొట్టు సెలెస్తినా దగ్గరికి పోతాయి. ఆ రాత కొట్టెయ్.

కోపంతో,
ఫోర్తునాతా

తా.క. సూప్ గిన్నె పట్టుకుపోయావు.

*

గౌరవనీయులైన దోన్యా ఫోర్తునాతా గారికి,

మీ ఉత్తరం చదివి మా ఆఫీసు పొంగిపోయింది. సమస్యను ఇంత స్పష్టంగా చెప్పిన వ్యాపారి మాకు ఇంతవరకు దొరకలేదు. మీ సరుకు దోసెడు దోసెడుగా పోతోందని, సెలెస్తినా గారితో పోటీ ఉందని గ్రహించాం. మీ కోసం మాట్లాడే తక్కెడ పంపుతున్నాం. అడిగిన బరువు దాటితే అదే చెబుతుంది. ఉచితం.

విధేయుడు,
వాల్దో

తా.క. గిన్నె ఫిర్యాదును సంబంధిత విభాగానికి పంపాను.

*

వాల్దోకి,

నీ తక్కెడ వచ్చింది. నా పెళ్లి కాకముందు నుంచీ నా దగ్గరే కొంటూ, వాడుక కొట్టుదాన్నని నన్ను కాసెరా అని పిలిచే ఇలారియాకి దుంపలు తూచి, కొసరు వేయబోయాను. 'అధిక బరువు. తీసివేయండి' అని వరసంతా వినేలా అరిచింది. నా చెయ్యి దొంగచెయ్యిలా గాల్లో ఆగిపోయింది. "కొసరు కూడా లెక్కేనా కాసెరా, ఇన్నేళ్లకి?" అని ఇలారియా ముఖం మాడ్చుకుని సెలెస్తినా కొట్టుకి నడిచింది. వెనకాలే మిగతా బేరాలూ నడిచాయి. దుంపలు మొలకలెత్తుతున్నాయి. నా కొట్టు మూతపడకముందే దాన్ని తీసుకుపో.

మండుతూ,
ఫోర్తునాతా

తా.క. నోరు మూయిద్దామని దాని మీద దుప్పటి కప్పాను. దుప్పటి అధిక బరువట.

*

గౌరవనీయులైన దోన్యా ఫోర్తునాతా గారికి,

తక్కెడ చక్కగా పనిచేస్తున్నందుకు సంతోషం. కొసరు ఉండాలన్న మీ సూచన ఆమోదించాం. ఇకపై తక్కెడ ప్రతి కొనుగోలుదారుకీ, 'మీకు అర్హమైన కొసరు రెండు దుంపలు. అంగీకారమేనా?' అని అడుగుతుంది. గురువారం మా మనిషి వచ్చి ఆ మార్పు చేస్తాడు.

విధేయుడు,
వాల్దో

తా.క. గురువారం సూప్ ఉంటుందా?

*

వాల్దోకి,

అడిగి, ఒప్పించి ఇచ్చేది కొసరెలా అవుతుంది నాయనా? కొసరు మనిషి ముఖం చూసి వేసేది. చూలాలికి ఒక గుప్పెడు ఎక్కువ పడుతుంది, పుల్లవిరుపు మాటలాడేదానికి ఒక దుంప తగ్గుతుంది. నీ డబ్బాకి ముఖం తెలుసా?

అయినా మనిషిని పంపకు. తక్కెడ నా దగ్గర లేదు. అది వచ్చిన రోజు నుంచీ సెలెస్తినా, "ఈ ముసల్దానికి మిషనూ, నాకు తూకం రాయా?" అని ఊరంతా ఏడ్చింది. నిన్న పిలిచి, "తీసుకో తల్లీ, చదువు లేనిదాన్ని, నాకెందుకు" అని చేతిలో పెట్టాను. ముద్దు పెట్టుకుని మరీ తీసుకుంది.

పొద్దున్నుంచి అది అక్కడ అరుస్తోంది. ఇలారియా వెనక్కొచ్చింది. అందరూ వచ్చారు. దుంపలు అయిపోవచ్చాయి.

నీ కష్టమేమిటని మొదటి రోజు అడిగావు చూడు, అది సెలెస్తినా. తీరింది. చదువుకున్నవాడివి, మొత్తానికి పనికొచ్చావు.

చల్లబడి,
ఫోర్తునాతా

తా.క. ఉల్లిపాయల వరసలో మా చెల్లెలికీ ఒక ఎదుటి కొట్టు ఉంది. ఇంకో తక్కెడ పంపు. నా గిన్నెలో పెట్టి పంపు.