మైనరు శిల్పశ్రీ మేజరైన సంగతి

తుమకూరు ఆదాయపు పన్ను అధికారి గారి సముఖమునకు,
పావగడ తాలూకా రాయచెర్లు గ్రామ నివాసి హనుమంతరాయ రాసుకొన్న అర్జీ.
11 జనవరి 2026, ఆదివారం.

విషయం: నా కుమార్తె శిల్పశ్రీ మరణించిన తరువాత కూడా సంపాదిస్తున్నట్టు తమ లెక్కల్లో ఉన్నందున, ఆమె పాన్ కార్డు రద్దు కోరుతూ.

అయ్యా,

నేను మడకశిరలో తెలుగు బడిలో చదివినవాణ్ణి. కన్నడం మాట్లాడగలను గాని అర్జీ రాసేంతగా చెయ్యి తిరగలేదు. తెలుగులో రాసినందుకు తమరు కోపగించుకోరాదు.

1. సదరు శిల్పశ్రీ పావగడ కాలేజీలో మొదటి పియుసి పరీక్షలు రాసి, 2024 ఏప్రిల్ సెలవుల్లో మా ఊరి సోలార్ పార్కులో ప్యానెళ్లు కడిగే పనికి కుదిరినది. అప్పటికి వయసు పదిహేడు. కాంట్రాక్టరు పాన్ కార్డు కావాలన్నందున, సంరక్షకుడిగా నేను సంతకం పెట్టి మైనరు కార్డు తీయించితిని. దాని మీద తన ఫోటో ఉండదని తెలిసి రెండు రోజులు అలిగినది. కూలిలో నూటికి ఒక రూపాయి పన్ను పట్టుకొంటున్నారనీ, పిల్లలు సొంత కష్టంతో సంపాదించినది తండ్రి ఆదాయంలో కలపరనీ, రిటర్ను వేస్తే పట్టినది తిరిగి వస్తుందనీ పావగడ ఆడిటర్ యోగీశ్ చెప్పెను. "నా రిటర్ను నేనే ఏసుకుంటా నాయనా, నువ్వు ఏలు పెట్టొద్దు" అన్నది.

2. ఆ మే నెలాఖరున జ్వరం తగిలి, జూన్ రెండో తేదీన సదరు శిల్పశ్రీ మరణించినది. పంచాయతీ ఇచ్చిన మరణ పత్రం జతచేసితిని. రిటర్ను వేయలేదు. ఏడాదిన్నర దాకా ఆ కాగితాలున్న ట్రంకు పెట్టె తెరవలేకపోతిని. అది నా తప్పే.

3. గత నెల ధైర్యం చేసి, దాని రిటర్ను నేనైనా వేద్దామని యోగీశ్ దగ్గరికి పోతిని. అతను కంప్యూటర్లో చూసి, తెర నా వైపు తిప్పెను. చనిపోయిన తరువాత కూడా మూడు నెలలకొకసారి ఆమె పేరిట కూలి, పన్ను నమోదు అవుతున్నవి. ఒక్క విడత కూడా తప్పలేదు. పైగా మైనరు మేజరైనందున ఇక తండ్రి సంతకం చెల్లదనీ, ఆమే స్వయంగా ఫోటో, సంతకం ఇవ్వాలనీ కంప్యూటరు అడుగుతున్నదట. అయ్యా, ఆ ఫోటో ఎక్కడి నుంచి తేవాలి? పందొమ్మిదేళ్ల నా బిడ్డ ఎట్లా ఉంటుందో నేను చూడలేదు.

4. కాంట్రాక్టరు దొంగ లెక్క రాస్తున్నాడని నిలదీయుటకు పార్కు గేటు దగ్గరికి పోతిని. సూపర్‌వైజరు దేవరాజ్ కొత్తవాడు, అరసికెరె మనిషి, మా ఇంటి సంగతి తెలియదు. హాజరు పట్టీ చూపించి, "శిల్పశ్రీనా? దినామూ వస్తాదప్పా. మాట తక్కువ, పని శుద్ధంగా చేస్తాది. ఇప్పుడు గూడా లోపలే ఉండాది" అన్నాడు. పాసు లేనిదే లోపలికి పోనివ్వరు. కంచె పట్టుకొని నిలబడితిని. దూరంగా ప్యానెళ్ల వరుసల మధ్య ఆడవాళ్లు పొడుగు కర్రలతో తుడుస్తున్నారు. చీర మీద చొక్కా, దుమ్ముకు ముఖం చుట్టూ గుడ్డ. అందరూ ఒకటే మాదిరి. చివరి వరుసలో ఒకామె తుడిచి, తల వాల్చి ఓరగా చూసుకొని, మళ్లీ తుడిచినది. మా బిడ్డ గిన్నెలు తోమినా అట్లే చూసుకొనేది. పిలవాలని నోరు తెరిచితిని. పేరు రాలేదు.

5. ఆ దినం నుంచి నాకు నిద్ర లేదు. భయమో ఆశో నాకే తెలియడం లేదు. గొర్రెలను కంచె పక్కకే తోలుకొని పోతున్నాను. భార్యకు చెప్పలేదు. ఆమె నిడుగల్లు దిక్కు కూలికని పొద్దున్నే పోయి, సాయంత్రం అలసిపోయి వస్తుంది. ఆమెను ఇంకా కుంగదీయలేను.

కావున తమరు విచారించి, ఇది దొంగ లెక్క అయితే కొట్టివేయించవలెను. దొంగ లెక్క కాకపోతే, ఆమె యాడ పడుకొంటున్నదో, ఏమి తింటున్నదో కనుక్కొని ఈ తండ్రికి ఒక్క ముక్క తెలియజేయవలెను. రెంటిలో ఏదైనా సరే, చిత్తగించి త్వరగా తేల్చవలెనని ప్రార్థన.

ఇట్లు,
ఇప్పుడు చట్టప్రకారం ఎవరికీ సంరక్షకుడు కాని తమ విధేయుడు,
హనుమంతరాయ

తా.క.: అయ్యా, పైదంతా రాసి కవరులో పెట్టబోతూ, నా భార్య రత్నకు తెలియకుండా పంపడం న్యాయం కాదనిపించి, ఆమెకు చదివి వినిపించాను. నాలుగో అంశం కాగానే ఆమె లేచిపోయి, తన కూలి సంచిలోంచి శిల్పశ్రీ గేటు కార్డు తెచ్చి నా ముందర పెట్టింది.

మా పక్క ఒకరికి ఒంట్లో బాగలేకపోతే, పని పోకుండా ఇంట్లో ఇంకొకరు అదే కార్డు మీద పోతారు. గేటు దగ్గర ఆ పేరుకే పలుకుతారు. ఎవరూ అడగరు.

"బిడ్డకు జొరమని రెండు దినాలు దాని బదులు పోయినాను" అన్నది. "అది పోయినాక గూడా పోయినాను. నిలపలేకపోతిని. పొద్దున్నే ఆడ 'శిల్పశ్రీ' అని పిలుస్తారు. 'ఉండాను సార్' అంటా. ఈ ఇంట్లో ఆ పేరు ఎవురెత్తుతారు? నువ్వు ఎత్తుతావా?"

నేను ఎత్తలేదు, అయ్యా. ఏడాదిన్నరగా ఎత్తలేదు. ఈ అర్జీలో రాసేటప్పుడు కూడా 'సదరు' వెనక దాక్కొన్నాను.

కాంట్రాక్టరును దొంగ అన్నందుకు క్షమించండి, తప్పు మాదే. కూలి తల్లీకూతుళ్ల ఉమ్మడి ఖాతాలో పడుతున్నదట. పన్ను, జరిమానా ఏది వేసినా కడతాము. పాన్ కార్డు రద్దు చేయడమే ధర్మం, తమరు చేయండి. కాని తొందర లేదు. ఈ కాగితం తమ బల్ల మీద అట్టడుగున ఎన్నాళ్లు పడి ఉన్నా, ఏమైందని అడగడానికి మేము రాము.

రేపు సోమవారం. ఏడింటికి పేర్లు పిలుస్తారు. రత్నను బైకు మీద నేనే దింపుతాను. దింపి వెంటనే రాను, పిలుపు అయ్యేదాకా నిలబడి వింటాను.