ముప్పై తొమ్మిదో వారం

శ్రీవారికి,

గడియ వేసుకున్నాను. తలుపు కొట్టకుండా ముందు ఇది చదవండి.

సూదులు వేయించుకుంటే నడుం నొప్పి తగ్గుతుందని నన్ను ఆక్యుపంక్చర్ ఆవిడ దగ్గరికి పంపారు. నమ్మి వెళ్లాను. బల్ల మీద పడుకున్నాక, సూది చేతిలో పట్టుకుని, అందరినీ అడిగినట్టే నన్నూ అడిగింది: "ఎన్నో వారమమ్మా?" ముప్పై ఆరు అన్నాను. ఆవిడ సూది పక్కన పెట్టేసి, మీరు ముందే నింపి పంపిన ఫారం తెచ్చి చూపించింది. "ముప్పై తొమ్మిదో వారం. పురిటినొప్పులు త్వరగా రావాలి." మీ గుండ్రటి చేతిరాతే.

మీ సెలవు సోమవారం నుంచి పది రోజులు. పురుడు ఆలోపే అయిపోవాలని కడుపులో బిడ్డకి మూడు వారాలు కోత పెడతారా? వాడేమన్నా మీ ఆఫీసు ఫైలా, తొందరపెట్టి తెప్పించుకోవడానికి?

"ఎవరు రాశారిది?" అంది ఆవిడ. సిగ్గుతో చచ్చిపోయి, నేనే అన్నాను. "బిడ్డతో ఆటలాడతావా?" అని చెడామడా తిట్టింది. మీకు పడాల్సిన చీవాట్లన్నీ నేను తిన్నాను.

మీ కోసం నేనాడిన ఆఖరి అబద్ధం అది. రేపు పదింటికి మళ్లీ వెళ్తున్నాను. మీరూ వస్తున్నారు. ఆవిడ చూస్తుండగా ఆ అంకె మీ చేత్తోనే దిద్దుతారు.