బొట్టు చోట చిల్లు

1988 ఫిబ్రవరి 21
మైదా జిగురు ఉడికించాను. చిటికెడు మైలుతుత్తం కూడా వేశాను, లేకపోతే బొద్దింకలు బొమ్మంతా నాకేస్తాయి. అట్ట మీద ఇంతవరకు అంటించినవి — ప్లాట్‌ఫారం మీద ఏరిన పాత టికెట్లు, తెలిపారా వీధిలో దర్జీ పారేసిన జాకెట్టు ముక్కలు, హిందీ పేపర్లో పెళ్ళి ప్రకటనలు. మధ్యలో ఇంకా ఖాళీ.

ఫిబ్రవరి 26
మధ్యలోకి మా పెళ్ళి ఫోటో. ఆయన సగం కత్తిరించి పెట్టెలో దాచాను. నా సగం అంటించే ముందు, బ్లేడుతో బొట్టు మేరకు గుండ్రంగా కోసేశాను. చిల్లులోంచి కింది టికెట్ కనిపిస్తోంది, మట్టిరంగులో.

ఫిబ్రవరి 27
అత్త చూసింది.
"ఏటే వరం, బొట్టు కాడ కన్నమెట్టినావేటి?"
"ఉన్నదున్నట్టే ఎట్టాను, అత్తా."
ఆయన పోయిన పదో రోజు నా బొట్టు తుడిచింది తనే. తన బొట్టు ఎవరు తుడిచారో... ఎప్పుడూ చెప్పలేదు. నేనూ అడగలేదు.

మార్చి 3
బుకింగ్ కౌంటర్లో డ్యూటీ. దగ్గర్లోని కోటా ఊరికి వెళ్ళేవాళ్ళే ఎక్కువ. అందరూ నా చేతుల్నే చూస్తారు, టికెట్ కోసం. ఆయన పోయాక, ఆయన బదులు నాకు వచ్చిన రైల్వే ఉద్యోగం. కానీ ఆ కిటికీ వెనక హాయిగా ఉంటుంది.

మార్చి 10
ఉగాదికి రైల్వే ఇన్‌స్టిట్యూట్‌లో మన తెలుగువాళ్ళు చేసిన బొమ్మలన్నీ పెడతారట. నాది చూసి సెక్రటరీ గారు తల గోక్కున్నారు. "బాగుందమ్మా... కానీ పండగ పూట, గుమ్మానికి ఎదురుగా..." చిల్లు వైపు వేలు చూపించి — "ఓ స్టిక్కర్ అంటించెయ్యి, గొడవ లేదు. లేదంటే వెనక వరండాలో పెడదాం. అచ్ఛా?"
స్టిక్కర్ కుదరదన్నాను. వరండాకి సరేనన్నాను. ఎందుకన్నానో. దారంతా నా మీద నాకే ఒళ్ళు మంట.

ఉగాది
ఇన్‌స్టిట్యూట్ గుమ్మంలో ఓ పిల్ల, కుంకుమ భరిణతో. వచ్చిన ఆడవాళ్ళందరికీ బొట్టు పెడుతోంది. నా దగ్గర చెయ్యి ఆగింది. నా వెనక అత్త. ఆవిడ వైపు అసలు లేవనే లేదు. అలవాటే, ఇద్దరికీ.
వరండాలో చెప్పుల వరస పక్కన నా బొమ్మ. ఎవరూ అటు రాలేదు. భోజనాలప్పుడు అత్త కాసేపు కనిపించలేదు. తర్వాత వచ్చి, "కాళ్ళు లాగుతన్నాయే, ఎల్పోదాం" అంది.
బొమ్మ తీసుకుందామని వెళ్తే — చిల్లు నిండా కుంకుమ. నీళ్ళతో తడిపి అద్దినట్టుంది. కొంచెం కారి ముక్కు మీదికి వచ్చింది.
ఇంటికొచ్చాక అత్త మంచినీళ్ళ గ్లాసు అందించింది. ఆవిడ ఉంగరం వేలి గోటి సందులో ఎరుపు.
నీళ్ళు తాగాను. అడగలేదు.

మర్నాడు
లేచేసరికి బొమ్మ గోడకి ఉంది, అద్దం పక్కన. అత్త వేలాడదీసింది. "తుడిసీకు, అలాగే ఉండనీ" అంది. అంతే.
డ్యూటీకి తయారవుతున్నాను. జడ అయింది. అద్దంలో నేను, పక్కన నేను. పెట్టె అడుగు నుంచి నా పాత భరిణ తీశాను. ఊరికే, చూద్దామని. మూత బిగుసుకుపోయింది.
"ఇటియ్యి, నాను తీస్తాను."
ఇవ్వలేదు. ఒక చేత్తో భరిణ, ఒక చేత్తో ఈ రాత. అత్త చాపిన చెయ్యి ఇంకా దించలేదు.