ఈ అమావాస్య వంతు నీది

శామీర్‌పేట,
8-2-2004, ఆదివారం.

చిరంజీవి పరమేశ్‌కు,

నీ బావ ఇస్తారి దీవించి రాయునది. ఇక్కడ నేను, మీ అక్క విజయమ్మ, గేదె, బండి అందరమూ ఉన్నాము. క్షేమమని రాయడం మర్యాద కాబట్టి క్షేమమనే అనుకో. గుండ్లపోచంపల్లిలో నువ్వు, యశోద, పిల్లలు బాగుండాలి. నా మీది కోపం ఒక్కటి తప్ప మీ ఇంట్లో మిగతావన్నీ పచ్చగా ఉండాలని కోరుకుంటున్నాను.

ఫోన్లున్న కాలంలో బావ ఉత్తరం రాశాడేమిటని నవ్వుకుంటావు. ఫోన్ చేస్తే యశోద ఎత్తుతుంది. ఆయన ఇంట్ల లేడన్నా, ఇప్పుడే బయటికి పోయిండు అంటుంది. వెనక నుంచి నీ దగ్గు వినిపిస్తూనే ఉంటుంది. పాపం, ఆ పిల్ల చేత అబద్ధాలు చెప్పించకు. ఉత్తరమైతే నీ ఇష్టం వచ్చినట్టు దగ్గుకుంటూ చదువుకోవచ్చు.

బండి సంగతి రాస్తాను. రాయడానికి నాకు వేరే సంగతి ఏముంది?

విసిగిపోయాను పరమేశ్. పొద్దున లేస్తే బండి కిందికి దూరడం, పొద్దుగూకితే బయటికి రావడం, ఇదే బతుకైంది. మీ అక్క రొట్టె కూడా బండి కిందికే అందిస్తోంది. ఒంటికి గ్రీజు వాసన పట్టిపోయి గేదె నన్ను దగ్గరికి రానివ్వడం లేదు. అయినా క్లచ్ మాత్రం మొండికేసి కూర్చుంది. డిసెంబరులో ఎంత గట్టిగా ఉందో ఇప్పుడు అంతకన్నా గట్టిగా ఉంది.

మొదట కేబుల్ మీద అనుమానపడ్డాను. ఊడదీసి వేపకొమ్మకు వేలాడగట్టి, పై కొస నుంచి నూనె చుక్కలు చుక్కలుగా వదిలాను. కింది కొస దాకా దిగింది. చేత్తో లాగితే వెన్నలో దారం లాగినట్టు కదిలింది. సంబరపడి బిగించి, ఎక్కి తొక్కి చూస్తే మళ్లీ అదే కథ. తర్వాత పెడల్ రబ్బరు అరిగి కాలు జారుతోందేమో అనుకున్నాను. పాత సైకిల్ ట్యూబు కోసి పెడల్‌కు చుట్టాను. అయినా జారుతూనే ఉంది.

ఇక మిగిలింది ప్లేటే కదా అని గేర్‌బాక్స్ దింపాను. నవ్వకు. మనింటి వెనక ద్రాక్షతోట తీసేసి ప్లాట్లు చేసినప్పుడు పందిరి రాళ్లు రెండు పాతినవి పాతినట్టే వదిలేశారు. వాటి మీద దుంగ వేసి, గొలుసు కట్టి, నేనొక్కణ్ణే దింపాను. నా నడుము ఎట్లా ఉందో అడగకు. క్లచ్ ప్లేటు బయటికి తీసి తుడిచి వెలుతురులో పెట్టి చూశాను. అది పెద్దగా అరగలేదు. ఆ విషయం మీద ఇప్పుడేమీ రాయను.

మొన్న అన్నీ మళ్లీ బిగించి, మీ అక్కను సీట్లో కూర్చోబెట్టి పెడల్ నొక్కమని, నేను కింద పడుకుని చూశాను. ఆమె నొక్కింది. గాజుల చప్పుడు వినిపించింది, లివర్ పూర్తిగా కదిలింది. కింద నుంచి చూస్తే అన్నీ సరిగానే ఉన్నాయి. నేను ఎక్కితేనే దానికి మాయరోగం వస్తుంది. ఈ బండి మీ ఇంటి ఆడపడుచుకు సలాం కొడుతుంది కానీ అల్లుడి మాట మాత్రం వినదు.

ఈ వంతుల మాట మొదట అన్నది మీ నాయినే కదా. ఈ పికప్‌ను మనం కలిసి తెచ్చుకున్న రోజు, అప్పటికే అది ఇద్దరి చేతులు మారిన బండి, దాని మూతికి పసుపు రాస్తూ ఆయన అన్నాడు. బాయి మోటరుకు వంతులు వెట్టుకుంటలేమా, గట్లనే దీనికీ వెట్టుకోన్రి, అమావాస్యకు అమావాస్యకు చేతులు మార్చుకోన్రి, ఎవని వంతుల ఖరాబైతే వాడే బాగుజేస్కోవాలె, రెండోటోడు నోరు మెదపొద్దు అన్నాడు. ఇన్నేళ్లు అట్లాగే నడిచింది. మెకానిక్ గడప తొక్కకుండా నువ్వు సగం, నేను సగం ఆ బండిని ఈడ్చుకొచ్చాము. నీ వంతులో రేడియేటర్ కారితే నువ్వు మాట్లేసుకున్నావు, నా వంతులో డైనమో పోతే నేను తీగ చుట్టుకున్నాను. అమావాస్య నాడు మేడ్చల్ రోడ్డు మీద కల్లు కాంపౌండు ముందు బండి కడిగి, టైరు కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించి, ముందర మిరపకాయల దండ కట్టి తాళంచెవి చేతిలో పెట్టేవాళ్లం. ఏం ఖరాబైందని నేనడగలేదు, నువ్వూ అడగలేదు.

డిసెంబరు అమావాస్య నాడు నేను నోరు మెదిపాను. నీ వంతులోనే క్లచ్ పాడైంది, నువ్వు క్లచ్ మీద కాలేసి మంచం మీద పడుకున్నట్టు తోలతావని పదిమందిలో అన్నాను. కల్లు పోసే సోమయ్య లొట్టి పట్టుకుని అట్లాగే నిలబడిపోయాడు. నువ్వు బానెట్ మీద తాళంచెవి పెట్టి, అయితె నీ బండి నువ్వే ఉంచుకో బావా అని నడుచుకుంటూ వెళ్లిపోయావు. జనవరి అమావాస్యకు బండి కడిగి, నిమ్మకాయలు తెచ్చి, కల్లు కాంపౌండు ముందు పొద్దుగూకేదాకా నిలబడ్డాను. నువ్వు రాలేదు. నిమ్మకాయలు మీ అక్క తొక్కు పెట్టింది.

నువ్వు కిరాయి ట్రాలీ తోలుతున్నావని విన్నాను. మంచిదే. కానీ కోత దగ్గరికొచ్చింది. మన వైపు రోడ్డుకు రెండు పక్కలా పందిళ్లు పోయి హద్దురాళ్లు వచ్చాయి, ఇక మిగిలినవి నాలుగు తోటలు. గౌరయ్య పటేలు పోయిన వారం వచ్చి, ఇస్తారీ, నీ బండి లేస్తదా, లేకుంటె వేరేటోన్ని జూసుకోవాల్నా అని అడిగాడు. లేస్తదని చెప్పి పంపాను. ఒకసారి ఆయన తోట చేజారితే మళ్లీ మన దగ్గరికి రాదు. కొత్తపేట మార్కెట్‌కు ద్రాక్ష తోలే ఈ కొద్ది రోజులే మన రెండిళ్లకూ ఏడాది తిండి. అది నీకు నేను చెప్పనక్కర్లేదు.

బండి లేస్తుంది, నిజమే. దాన్ని నమ్మి రోడ్డెక్కడమే కష్టంగా ఉంది. పోయిన నెల తుంకుంట దగ్గర ఒక గేదెదూడ అడ్డమొచ్చింది. క్లచ్, బ్రేకు రెండూ తొక్కాను. ఎడమకాలు పెడల్ మీద నుంచి జారింది, బండి ముందుకు దూకి ఆగిపోయింది. దూడకు ఏమీ కాలేదు. రోడ్డు పక్కన పూలమ్మే ఆమె మాత్రం, పొద్దుపొద్దుగాల్నే తాగొచ్చినవా అని తిట్టింది. అప్పటి నుంచి బండిని ఇంటి వెనకే పెట్టాను.

బండే కాదు, ఈ మధ్య ఏ వస్తువూ మాట వినడం లేదు. చెప్పులు కూడా ఎవడూ సరిగా కుట్టి చావడం లేదు. మార్కెట్లో ఎడమకాలి చెప్పు ఎక్కడో ఊడిపోయింది, ఇంటికొచ్చి దిగేదాకా చూసుకోలేదు. బండి కింద పని చేస్తుంటే సైలెన్సరు తగిలి పాదం కాలింది. మీ అక్క బొబ్బ చూసి మొత్తుకునేదాకా అది కాలిందని తెలియలేదు. పనిలో పడితే మనిషికి ఒళ్లు ఎక్కడ తెలుస్తుంది?

అందుకే ఒక మాట అనుకున్నాను. బోయిన్‌పల్లి నుంచి ఒక సేటు వచ్చి బండి చూసిపోయాడు. విప్పి ముక్కలుగా అమ్ముకుంటాడట. నీకు సమ్మతమైతే అమ్మేద్దాం. బండిలో నీ సగం ఉంది కాబట్టి నీ మాట లేకుండా ఇవ్వను. వద్దనుకుంటే శివరాత్రి వెళ్లగానే వచ్చే అమావాస్యకు వచ్చి నీ వంతు నువ్వు తీసుకో. నువ్వు ఏళ్ల తరబడి గోల పెట్టే ఆ పక్క సీటు స్ప్రింగు అట్లాగే పొడుచుకుని ఉంది. తోలేవాడి సీటు బాగుంటే చాలు, పక్కన కూర్చునేవాడి గొడవ మనకెందుకని నేనే దాన్ని ముట్టుకోలేదు.

యశోదకు నా ఆశీస్సులు. పిల్లలకు ముద్దులు. నీకు మాత్రం ఏమి రాయాలో తెలియడం లేదు. ఆశీస్సులే అనుకో.

ఇట్లు
నీ బావ,
ఇస్తారి.

తా.క.: ఉత్తరం మడిచి కవర్లో పెడుతుంటే మీ అక్క చదివి వినిపించమంది. వినిపించాను. వక్కలు కత్తిరించే అడకత్తెర పక్కన పెట్టి అంతా విని, గిండ్ల నిజమేడున్నది, అది రాయకుంటె కవరు అంటియ్యనియ్య, నేనే బస్సెక్కి పోయి నా తమ్మునికి జెప్తా అంది. కవరు అంటించడానికి తీసిపెట్టిన అన్నం మెతుకులు కూడా తన దగ్గరే పెట్టుకుని కూర్చుంది. కాబట్టి రాస్తున్నాను.

బోయిన్‌పల్లి నుంచి ఏ సేటూ రాలేదు. అమ్ముతానంటే నువ్వు ఉలికిపడి పరుగెత్తుకొస్తావని అట్లా రాశాను.

క్లచ్‌కు ఏ రోగమూ లేదు. నువ్వు ఇచ్చినప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. మీ అక్క మొన్న పెడల్ నొక్కిందని రాశాను కదా, కాలితో కాదు, వంగి ఒక్క చేత్తో నొక్కింది. రెండో చేతిలో బియ్యం చాట ఉంది. గింత మెత్తగున్నదేంది, దీనికా నువ్వు నెలల సంది కొట్లాడుతున్నవు అంది. నేను బండి కింద నుంచి చాలాసేపు బయటికి రాలేదు.

మర్నాడు మేడ్చల్‌లో డాక్టరు దగ్గరికి తీసుకుపోయింది. ఆయన నన్ను కళ్లు మూసుకోమని ఎడమపాదానికి సూది గుచ్చాడట. ఎప్పుడు గుచ్చుతారు సారూ అని నేను అడిగాను. షుగరు ఎప్పటి నుంచో ఉందట, పాదాల నరాలు దెబ్బతిన్నాయట. రెండు కాళ్లకూ ఉంది, ఎడమది ఎక్కువ. మందులు రాసి, ఇగ బండి తోలుడు బంద్ వెట్టు పెద్దమనిషీ అన్నాడు. చెప్పు ఊడిపోయింది, పాదం కాలింది, పెడల్ జారింది, అన్నీ అదే. నా కాలు చచ్చుబడుతుంటే కేబుల్‌కు నూనె పోశాను, నిన్ను పదిమందిలో తిట్టాను.

గేదెదూడ అని రాశాను కదా, అది బడి పిల్లల ఆటో. వెనక రేకు దాకా పోయి ఆగాను. వెనక కూర్చున్న పిల్ల నన్ను చూసి చెయ్యి ఊపింది. నాకు భయమేసింది పరమేశ్. ఇప్పటికీ కన్ను మూస్తే ఆ చెయ్యే కనిపిస్తోంది. ఆ రోజే ఇంటికి నడిచి వచ్చేశాను, బండిని పక్కింటి సత్తయ్య తోలుకొచ్చి వెనక పెట్టాడు. ఈ మాట మీ అక్కకు కూడా ఇప్పుడే, రాస్తూ పైకి చదువుతుంటేనే తెలిసింది. మెతుకులు నా ముందు పెట్టి లోపలికి వెళ్లిపోయింది.

అమావాస్యకు రా. బండి కడిగి, నిమ్మకాయలు పెట్టి ఉంచుతాను. కల్లు కాంపౌండు దాకా నేను తేలేను, నువ్వే ఇంటికి రావాలి. గౌరయ్య పటేలుకు లేస్తదని చెప్పింది బండి మాటే, అబద్ధం కాదు. ఇక నుంచి అన్ని అమావాస్యలూ నీ వంతే. నన్ను కోతకు తీసుకుపో, గంపలు లెక్క చూస్తాను, మార్కెట్లో కొట్లాడతాను, నోరు ఇంకా బాగానే పనిచేస్తోంది.

పక్క సీటు స్ప్రింగు అట్లాగే ఉందని రాశాను కదా, దాన్ని నిన్ననే పీకేశాను. కొబ్బరి పీచు నింపి, పైన గోనెసంచి గట్టిగా కుట్టాను. ఇక మీద అక్కడ కూర్చునేది నేనే కదా.