దేవుడి గూట్లో ఓడ గాజు

గురువారం, రాత్రి

రేపు తమ్ముడు ఉద్యోగానికి మొదటిసారి ఓడ ఎక్కుతున్నాడు. అమ్మ దేవుడి గూట్లోంచి తాత స్ఫటికాన్ని తీసి, పసుపు గుడ్డలో చుట్టి వాడి బ్యాగులో పెట్టింది. రెండో ప్రపంచ యుద్ధంలో సైనికుల్ని మోసిన ఇంగ్లీషు ఓడలో వంటపని చేసి, తాత తెచ్చిన స్ఫటికం అది. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ దానికి బొట్టు పెట్టి దణ్ణం పెట్టుకుంటున్నాం.

సాయంత్రం తమ్ముడు ఆ ఓడ పేరు వెతికి, ఫోన్‌లో పాత ఫొటో చూపించాడు. యుద్ధానికి ముందు దొరలు డాన్సులు చేసిన హాలు. పైన పెద్ద షాండ్లియర్. దానికి వేలాడేవన్నీ అచ్చం మా స్ఫటికం లాంటివే! తర్వాత ఓడకు బూడిద రంగు కొట్టి, ఆ దీపాలు విప్పేసి, హాలు నిండా సైనికులు పడుకోడానికి గుడ్డ ఉయ్యాలలు కట్టారట.

ఇన్నాళ్లూ మొక్కింది దీపం గాజుకా? నవ్వూ వచ్చింది, భయమూ వేసింది. అమ్మకు మెల్లగా చెప్పాను.

"నాకు తెల్దేటే? మీ తాతే సెప్పినాడు. దాన్ని జేబులో ఎట్టుకునే పేణాలతో ఇంటికొచ్చినాడు. ఆ మాత్రం దేవుడు సాలడేటి?" అంది, గుడ్డ ముడి బిగిస్తూ.

ఇప్పుడు కళ్లు మూస్తే ఆ హాలే కనిపిస్తోంది. ఉయ్యాలల్లో కుర్రాళ్లు ఊగుతూ నిద్రపోతున్నారు. అందరికీ తమ్ముడి మొహమే.

హార్బర్‌లో ఏదో ఓడ కూత వేసింది. లేచి గూటి దగ్గరికి వెళ్లాను. గాజు ఉండే చోట కుంకం మరక ఒక్కటే మిగిలింది. వాడు తిరిగొచ్చేదాకా దానికే దణ్ణం పెట్టాలి.